నమూనా తెస్తేనే పుస్తకం

"నమూనా తెచ్చినవా మియా?" అన్నాడు ఖదీర్ భాయ్.

దీక్షిత్ చేతిలోని టిఫిన్ డబ్బా పైకెత్తి చూపించాడు.

"నమూనా అడిగిన. ఖానా కాదు."

"నమూనా ఇందులనే ఉన్నది భాయ్."

పత్తర్‌గట్టి రాతి కమానుల కింద, అత్తరు కొట్టుకీ పెళ్లిబట్టల కొట్టుకీ మధ్య నాలుగడుగుల జాగాలో ఉంటుంది ఖదీర్ భాయ్ పుస్తకాల షాపు. కథలూ కవిత్వాలూ అక్కడ దొరకవు. పాత స్కూటర్లు, కుట్టుమిషన్లు, రేడియోలు, ఎవరి అటక మీద ఏది పాడై పడి ఉంటే దాన్ని బాగుచేసుకునే మాన్యువళ్లు మాత్రమే ఉంటాయి. ఆయన పద్ధతులు రెండే. పాడైన వస్తువు తెచ్చి చూపిస్తేనే పుస్తకం ఇస్తాడు. పని పూర్తయ్యాక పుస్తకం తిరిగి తెచ్చి అరలో పెట్టాలి. వెనకటికి నమూనా చూడకుండా ఇచ్చిన పాపానికి, పంపుసెట్టు పుస్తకం పట్టుకుపోయి ఫ్రిజ్ విప్పుకున్నవాడు వచ్చి లొల్లి చేశాడట. మనుషుల ముఖాలు ఆయనకు ఒక్కటీ గుర్తుండవు కాబట్టి, వచ్చిన ప్రతివాణ్నీ అదే ప్రశ్న అడుగుతాడు.

దీక్షిత్‌కి కావలసింది పాత మోడల్ రైలు బాగుచేసుకునే పుస్తకం. అలాంటివి తన దగ్గర రెండున్నాయని పోయిన శనివారం ఖదీర్ భాయ్ గొప్పగా చెప్పాడు. ఇవాళ ఆ రెండూ ఒక అమ్మాయి ఒళ్లో ఉన్నాయి.

స్టూలు మీద స్థిరంగా కూర్చుంది. జుట్టు ముడిలో, వేరేవాళ్లు పెన్ను దోపుకున్నట్టు, కరెంటు టెస్టరు దోపుకుంది.

"ఆ పుస్తకాలు నాకు కావాలె," అన్నాడు దీక్షిత్.

"నాకు గూడ కావాలె. ముందుగాల నేనొచ్చిన."

"నేను పోయిన శనివారమే వచ్చిన."

"వచ్చి ఖాళీ చేతులతోని పోయింది మీరేనా? భాయ్ చెప్పి నవ్విండు."

దీక్షిత్ ఖదీర్ భాయ్ వైపు చూశాడు. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"రెండు పుస్తకాలు ఏం చేసుకుంటరు? ఒకటి ఇయ్యండి," అన్నాడు దీక్షిత్.

"ఇస్త. ఏది మంచిదో తేలినంక, రెండోది మీకిస్త."

ఆ అమ్మాయి పేరు సోనీ. అప్పటికి దీక్షిత్‌కి ఆ పేరు తెలియదు. పొగరు మాత్రం తెలిసింది.

ఒక పుస్తకం లావుది. అట్ట మీద పొగలు కక్కుతున్న ఇంజను, లోపల నిగనిగలాడే ఫోటోలు. రెండోది సన్నం. కంపెనీ వాళ్లు మెకానిక్కుల కోసం టైపు చేసిన కాగితాలను ఎవరో కుట్టి బైండు చేశారు. నూనె మరకలు, అంకెల పట్టీలు, ఒక్క ఫోటో లేదు.

"నాకు లావుది ఇయ్యండి. మొదటిసారి చేసేటోళ్ల కోసం అని రాసి ఉన్నది," అన్నాడు దీక్షిత్.

"చదివి చూసిండ్రా? ప్రతి పేజీ ఆఖర్ల ఏమున్నదో?" సోనీ పేజీలు తిప్పింది. "చక్రం అరిగితే కంపెనీకి రాయండి. మోటారు బ్రష్షు పోతే కంపెనీకి రాయండి. ఆ కంపెనీ మూతబడి యాభై ఏండ్లు అయితుంది. ఉత్తరం ఎవరికి రాస్తరు?"

"సన్నదాంట్ల ఏమున్నది మరి?"

"కొత్తది దొరకకపోతే ఉన్నదాన్ని ఎట్ల నడిపించుకోవాల్నో ఉన్నది."

ఆ మాట ఎందుకో దీక్షిత్‌కి గుచ్చుకుంది. పది నెలలుగా ఎవరేమన్నా గుచ్చుకుంటూనే ఉంది, ఇందులో ఆమె తప్పేమీ లేదు.

"బహస్ నక్కో, లొల్లి వద్దు. ఇద్దరు నమూనాలు బతావ్, చూపియ్యుండ్రి," అన్నాడు ఖదీర్ భాయ్.

సోనీ చేతిరుమాలు విప్పింది. బొటనవేలంత మోటారు. దీక్షిత్ డబ్బా మూత తీశాడు. పాత బట్టలో ఆకుపచ్చ రంగు ఇంజను. సోనీ కళ్లు పెద్దవయ్యాయి. అడగకుండానే ఇంజను తీసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది.

"ఇందుల మోటారు లేదు."

"చేతిల పట్టుకోంగనే తెలిసిపోయిందా?"

"బరువు జూస్తే తెలుస్తది. మీరెన్నడన్న దీన్ని ఎత్తిండ్రా?"

ఎత్తలేదు. ఇరవై ఆరేళ్లొచ్చినా, ఇవాళ బట్టలో చుట్టి డబ్బాలో పెట్టేదాకా ఆ ఇంజనును చేత్తో ఎత్తలేదు. అది ఎప్పుడూ బాపు చేతుల్లోనే ఉండేది.

"విప్పి చూద్దాం," అని సోనీ ముడిలోంచి టెస్టరు తీసింది.

"వద్దు. అవి మా బాపు బిగించిన స్క్రూలు."

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, అత్తరు కొట్టాయన తల బయటపెట్టి చూశాడు. సోనీ ఇంజనును జాగ్రత్తగా బట్టలో పెట్టింది. ఆమె గొంతు మారింది. "మీ బాపు పేరేంది?"

అప్పుడు దీక్షిత్ జవాబు చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే సగం అయిపోయేది. కానీ అతను డబ్బా మూసి, లావు పుస్తకం చంకలో పెట్టుకుని, "ఇది నేను తీసుకుంటున్న భాయ్," అని నడిచాడు.

"పని ఆగిపోతే ఉస్మాన్‌గంజ్‌ల డానియేలు మోటార్ వైండింగ్ అని అడుగుండ్రి. ఎవ్వరైన చెప్తరు," అని వెనక నుంచి వినిపించింది.

సంతోష్‌నగర్‌లో దీక్షిత్ ఉండేది రెండు గదుల ఇల్లు. ఒక ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ల ఫోన్లకు ఇంట్లోనే కూర్చుని జవాబు చెప్పడం అతని ఉద్యోగం. రోజుకు ఎనభై మందితో మాట్లాడతాడు. సాయంత్రం ఆరింటికి హెడ్‌సెట్ తీసేస్తే, ఇక ఆ ఇంట్లో ఫ్యాను తప్ప మాట్లాడేది ఏదీ ఉండదు. కూరగాయల బండివాడితో "పావుకిలో చాలు" అంటే, అదే ఆ సాయంత్రానికి అతను నోరు విప్పి అన్న మాట.

అతని తండ్రి దుర్గయ్య కాచిగూడలో రైల్వే ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎన్నో ఏళ్ల క్రితం నవాబుల కాలపు పాత మేడ, ఒక దేవిడీ, ఖాళీ చేస్తూ సామాను అమ్ముతుంటే ఈ విలాయతీ రైలు కొనుక్కొచ్చాడు. దీక్షిత్‌కి పదకొండేళ్లప్పుడు తల్లి పోయింది. మిగిలిన ఇద్దరు మగాళ్లకీ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. అప్పుడు దుర్గయ్య మంచం చుట్టూ పట్టాలు పరిచి ఒక రూలు పెట్టాడు. ఆదివారం బండి తిప్పాలి. అది ఎవరి ముందు ఆగితే వాళ్లు ఆ వారం జరిగిన ఒక సంగతి చెప్పాలి, నిజమే చెప్పాలి.

లెక్కల్లో తప్పిన సంగతి దీక్షిత్ ఆ బండి ముందే చెప్పాడు. అమ్మ చీర ఒకటి పెట్టెలో దాచుకున్నానని దుర్గయ్య ఆ బండి ముందే చెప్పాడు.

ఉద్యోగం వచ్చాక దీక్షిత్‌కి ఆదివారం అంటే నిద్ర. "ఇయ్యాల బండి తిప్పుదామారా?" అంటే, "వచ్చే వారం చూద్దాం బాపు," అనేవాడు. చాలా వచ్చే వారాలు గడిచాయి. పోయిన ఏడు వినాయక చవితికి ముందు ఒక శుక్రవారం పొద్దున, దుర్గయ్య చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

తర్వాత దీక్షిత్ స్విచ్ వేసి చూశాడు. బండి కదల్లేదు. బాపుతో పాటు అదీ ఆగిపోయిందనుకున్నాడు. దాన్ని నడిపించాలి, ఒక్కసారైనా తన ముందు ఆగాలి. అతనికి కావలసింది అంతే.

ఆదివారం లావు పుస్తకం మొదటి అధ్యాయం ప్రకారం నాలుగు స్క్రూలు విప్పాడు. లోపల ఖాళీ. మోటారు ఉండాల్సిన చోట, చక్రాలు గలగలలాడకుండా పాత బనీను ముక్క మడిచి కూరి ఉంది. అది బాపు బనీను. దీక్షిత్‌కి ఏడుపొచ్చింది. పది నెలల్లో ఏడవడం అదే మొదటిసారి.

మోటారు లేకపోతే ఏం చేయాలో పుస్తకంలో చూశాడు. కంపెనీకి రాయమని ఉంది.

సోమవారం డ్యూటీ అయ్యాక ఉస్మాన్‌గంజ్ వెళ్లాడు. మిర్చి బస్తాల ఘాటుకు తుమ్ముకుంటూ వెతికితే, రెండు గోదాముల మధ్య షాపు దొరికింది. కూలర్ మోటార్లు, మిక్సీలు గుట్టగా ఉన్నాయి. వెనక కుర్చీలో సోనీ తండ్రి డానియేలు కూర్చుని ఉన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి, అందుకే తీగ చుట్టే పని కూతురి చేతికొచ్చింది.

దీక్షిత్ ఇంజనును బల్ల మీద పెట్టాడు. సోనీ దాని కింద రుమాలులోని మోటారును ఉంచి పైకి నెట్టింది. మోటారు టక్కున కూర్చుంది.

"మీరు దుర్గయ్య కాకా కొడుకే గద," అంది. "నాకు మొన్ననే అనుమానమొచ్చింది."

"మా బాపు మీకెట్ల తెలుసు?"

"ప్రతి శనివారం వస్తుండె. గీ బల్ల మీదనే కూసొని చాయ్ తాగుతుండె. చవితి ముంగట ఈ మోటారు ఇచ్చిండు. కాలిపోయింది, లోపల తీగ మళ్ల చుట్టాలె. ఎన్ని చుట్లో తెల్వదంటే, పుస్తకంల చూసి వచ్చే శనివారం చెప్తనన్నడు. మళ్ల రాలే. ప్రతి వారం వచ్చే మనిషని ఫోన్ నంబరు గూడ రాసుకోలే. నేనేమన్న తప్పు మాట్లాడిన్నేమో, కోపం జేసుకున్నడేమో అనుకున్న. చూసి చూసి, ఇగ నేనే పుస్తకం కోసం పోయిన." ఆగి అడిగింది. "కాకా మంచిగున్నడా?"

దీక్షిత్ చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. "ఆ శుక్రవారమే పోయిండు," అన్నాడు చివరికి. "మీ శనివారానికి ఒక్క రోజు ముంగట."

సోనీ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది. చున్నీతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. "ఇన్ని దినాలు తిట్టుకున్న ఆయనను," అంది.

వెనక కుర్చీలో డానియేలు తల వంచుకున్నాడు.

కాసేపటికి ఆమె సన్న పుస్తకం తెచ్చి తెరిచింది. "ఇది చూడుండ్రి. మన మోటారు చుట్ల లెక్క ఉన్న పేజీ. ఎవరో పెన్సిల్‌తోని టిక్కు పెట్టిండ్రు."

టిక్కు, దాని కింద చిన్న గీత, పక్కన తారీఖు. డిపోలో చూసిన ప్రతి బోల్టు పక్కనా దుర్గయ్య సుద్దముక్కతో అలాగే రాసేవాడు. కరెంటు బిల్లు మీదా, దీక్షిత్ ప్రోగ్రెస్ కార్డు మీదా అదే గుర్తు. ఆ తారీఖు గురువారానిది. పోయే ముందురోజు బాపు ఖదీర్ భాయ్ షాపులో నిలబడి ఈ పేజీ చూసుకుని వచ్చాడు.

"ఆ బండి గురించి మీకేమన్న చెప్పిండా?" అని అడిగాడు దీక్షిత్.

"బండి గురించి తక్కువ. మీ గురించే ఎక్కువ. మా వాడు మంచోడే, మాట్లాడనీకి వాడికి ఒక స్టేషన్ కావాలె, అంటుండె."

దీక్షిత్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సోనీ ముక్కు ఎగబీల్చి బల్ల కింద నుంచి చీటీల దస్తా తీసింది. "సరే. చీటీ తెచ్చిండ్రా?"

"ఏం చీటీ?"

"సామాను ఇచ్చినప్పుడు చీటీ ఇస్తం. చీటీ తెస్తేనే డెలివరీ. మా నాయిన పెట్టిన పద్ధతి."

"నేను ఆయన కొడుకును."

"ఉండొచ్చు. చీటీ కావాలె." కళ్లు ఎర్రగా ఉన్నా, పెదవి చివర నవ్వు కనిపించింది. "వెతుకుండ్రి. తొందర లేదు. వెంట్రుకంత సన్నం తీగ, చుట్టనీకి టైం పడ్తది."

మర్నాడు పొద్దున దీక్షిత్ ఇల్లంతా వెతికాడు. చీటీ ఎక్కడో లేదు, బండి చివరి గార్డు పెట్టెలోనే మడిచి ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని శనివారం ఉస్మాన్‌గంజ్ వెళ్లాడు.

వెళ్లి కూర్చున్నాడు. బాపు కూర్చున్న బల్ల మీదే. సోనీ చాయ్ తెప్పించింది. కరెంటు లేదని ఇంటర్నెట్ కంపెనీ వాళ్లను తిట్టే కస్టమర్ల కథలు అతను చెబితే పడీపడీ నవ్వింది. ఒకావిడ మిక్సీలో ఉంగరం వేసి తిప్పిన కథ ఆమె చెప్పింది. రెండు గంటలు ఎలా పోయాయో తెలియలేదు.

"చీటీ దొరికిందా?" అంది సోనీ, వెళ్లేటప్పుడు.

జేబులో చీటీని వేలితో తాకాడు. ఇది ఇచ్చేస్తే మోటారు చేతికొస్తుంది. మోటారు చేతికొస్తే వచ్చే శనివారం ఏ పని చెప్పి రావాలి?

"ఇంకా లేదు. మోటారు అయిందా?"

"ఇంకా లేదు."

బండి కావాలి. ఈ బల్లా కావాలి. రెండిట్లో ఏది వదులుకోవాలో తెలియక దీక్షిత్ అయిదు శనివారాలు అదే అబద్ధం చెప్పాడు. ఇంటికెళ్లి ఖాళీ ఇంజను ముందు కూర్చుని, "వచ్చే వారం బాపు," అనుకునేవాడు. ఆ మాట తనకే బాగా అనిపించలేదు.

ఆరో శనివారం పొద్దుటి నుంచీ వాన. ఇక దాంతో పని లేదు కదా అని లావు పుస్తకం వాపసు ఇవ్వడానికి ముందు పత్తర్‌గట్టి వెళ్లాడు.

"నమూనా తెచ్చినవా మియా?"

"వాపస్ తెచ్చిన భాయ్."

అరలో పుస్తకం పెట్టబోతూ ఆగిపోయాడు. పక్కనే సన్న పుస్తకం ఉంది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"పని అయిపోయిందని ఒక పిల్ల వాపస్ చేసింది. ఎవరో యాద్ లేదు."

దీక్షిత్ ఆ పేజీ తెరిచాడు. బాపు టిక్కు కింద మరో టిక్కు, దాని కింద అలాంటిదే చిన్న గీత, పక్కన తారీఖు. మూడు వారాల కిందటిది.

మొదట కోపం వచ్చింది. మూడు వారాలుగా "ఇంకా లేదు" అని చెప్పిందా? రోజూ ఎనభై మందికి "మీ పని నడుస్తోందండీ" అని చెప్పే తనకే ఆ మాట చెప్పిందా? తర్వాత జేబులో చీటీ గుర్తొచ్చింది. ఆ కమాను కింద, వాన చూస్తూ, ఒక్కడే నిలబడి నవ్వాడు.

నయాపూల్ వంతెన దాటేసరికి పూర్తిగా తడిసిపోయాడు. షాపులోకి వెళ్లి, ఏమీ అడగకుండా చీటీ తీసి బల్ల మీద పెట్టాడు.

సోనీ దాన్ని చూసింది. "ఎప్పుడు దొరికింది?"

"అయిదు వారాలు దాటింది. మోటారు ఎప్పుడైంది?"

సోనీ కూలర్ పంపు ఒకటి అటు జరిపి ఇటు జరిపింది. "పుస్తకం చూసిండ్రా?"

"చూసిన."

"అయితే ఎందుకు అడుగుతున్నరు?"

ఇద్దరూ బల్ల వైపే చూస్తూ నిలబడ్డారు. వెనక కుర్చీ కిర్రుమంది.

"బిడ్డా," అన్నాడు డానియేలు. "టెస్ట్ చెయ్యకుండ సామాను ఎన్నడన్న బయటికి పంపినమా?"

"లేదు నాయిన. కానీ పట్టాలు సంతోష్‌నగర్‌ల ఉన్నయి."

"అయితే రేపు చర్చి అయినంక సంతోష్‌నగర్ పోదాం. దుర్గయ్య ఉన్నప్పుడు రమ్మంటే పోలేకపోయిన. ఇప్పుడన్న పోవాలె."

ఆదివారం దీక్షిత్ ఇంటి గుమ్మం ముందు మూడు జతల చెప్పులు ఉన్నాయి. దీక్షిత్ వాటిని రెండుసార్లు చూసుకున్నాడు. డానియేలు మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. సోనీ నేల మీద కూర్చుని మోటారు బిగించి, ఇంజనును పట్టాల మీద పెట్టి, రెగ్యులేటరు చేతిలోకి తీసుకుంది.

బండి ఒకసారి వణికింది. కదిలింది. మంచం కోడు చుట్టూ తిరిగి, గార్డు పెట్టె వంపులో ఊగుతూ వచ్చింది.

మొదటి చుట్టులో బండి డానియేలు ముందు ఆగింది.

"కాకా చెప్తుండె గద, ఆయన రూలు. చెప్పాలె నాయిన," అంది సోనీ.

ఆయన కూతురి వైపు చూశాడు. "చేతులు వణుకుడు మొదలైనంక షాపు మూసేస్తనన్న. ఈ పిల్ల మూయనియ్యలే. మస్తు సంతోషమైంది. ఎన్నడు చెప్పలే, ఇయ్యాల చెప్తున్న."

రెండో చుట్టులో దీక్షిత్ ముందు ఆగింది. సరిగ్గా మోకాలి దగ్గర. ఇన్ని నెలలుగా అతను ఎదురుచూసింది దీనికోసమే. ఆగింది కాబట్టి చెప్పాలి, నిజమే చెప్పాలి.

"రోజుకు ఎనభై మందితోని మాట్లాడ్త," అన్నాడు మెల్లగా. "శనివారం నీతోని మాట్లాడిందే నాకు యాదుంటది. సోనీ, నువ్వంటే నాకు ఇష్టం. చీటీ లేకున్నా, మోటారు లేకున్నా శనివారం రావాలె అనుకుంటున్న. అందుకే దాచిపెట్టిన."

సోనీ రెగ్యులేటరు తిప్పింది. బండి కదిలి మంచం అవతలికి వెళ్లింది. ఆ ఒక్క చుట్టు ఎంత పొడుగుందో దీక్షిత్‌కే తెలుసు. తిరిగొచ్చిన బండిని సోనీ మెల్లమెల్లగా తన ముందే ఆపుకుంది.

"నేను గూడ నిజమే చెప్పాలె గద," అంది తల వంచుకుని. "పుస్తకంల ఉన్న తారీఖు మోటారు అయిన తారీఖు గాదు. పుస్తకం వాపస్ చేసిన దినం పెట్టిన టిక్కు అది. మోటారు చుట్టనీకి ఒక్క పూట పట్టింది. నువ్వు మొట్టమొదలు షాపుకు వచ్చిన సోమవారమే, నువ్వు అటు పోంగనే చుట్టేసిన."

డానియేలు గోడ వైపు తిరిగి దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"నాకు ఇటు దిక్కు ఏం వినిపిస్తలేదు," అన్నాడు. "మీరు బండి తిప్పుండ్రి."